బుగ్గికి నడక నేర్పిన ఆరు వారాలు

ఏం చూశారో చెప్పండి.

ఒక ముసలి పిల్లి. కుడి వెనకకాలి మీద బొచ్చంతా గొరిగేసి ఉంది, తుంటి దగ్గర కుట్లు. దాని ముందు సత్తుగిన్నెలో ఉడికించిన చేప. పిల్లి మెడ చాచింది. మూతికి గిన్నె అందబోయేంతలో ఒక ముసలామె కాలి బొటనవేలితో గిన్నెను రెండు జానలు వెనక్కి నెట్టింది. పిల్లి అరిచింది. ఒళ్ళు ఈడ్చుకుంటూ కొంచెం ముందుకొచ్చింది. ముసలామె మళ్ళీ నెట్టింది.

చూశారు కదా? ఏమన్నారు మనసులో? రాక్షసి అన్నారా? అనే ఉంటారు. చూసిన ముక్కను పట్టుకుని తీర్పు చెప్పడానికి మనకెవరికీ క్షణం పట్టదు. ఆ పొద్దున వాకిట్లోకి అడుగుపెట్టిన దమయంతి కూడా సరిగ్గా అదే అంది.

"ఏటమ్మా ఈ కసాయితనం? కుట్లు మానని దాంతో ఆటలేటి?"

"ఆటలాడ్డానికి నాకు తీరికెక్కడిది? నువ్వొచ్చిన పనేటో సెప్పు," అంది వరహాలమ్మ, గిన్నె మీంచి చూపు తియ్యకుండా.

పలాసలో జీడిపిక్కల బట్టీల్లో పనిచేసే ఆడవాళ్ళకు వరహాలమ్మంటే ఎవరో చెప్పక్కర్లేదు. ముప్ఫయ్యేళ్ళు పిక్కలు కొట్టింది. ఆడవాళ్ళను కూడగట్టి సంఘం పెట్టింది, రెండుసార్లు జైలుకెళ్ళింది. రేషన్ కొట్లో వేలిముద్రల మెషిను మీద పదివేళ్ళూ మార్చి మార్చి పెట్టినా ఆమె ముద్ర పడదు. ముద్రలన్నీ పిక్క పెంకులోంచి కారే జీడి తినేసింది. దమయంతిని బట్టీలోంచి తీసుకొచ్చి, మాట్లాడటం నేర్పి, తొమ్మిదేళ్ళ కిందట సంఘం చేతికిచ్చింది. వరహాలమ్మకు ఒక అలవాటుంది. ప్రశ్న అడిగిన రోజున జవాబు చెప్పదు, పని చెబుతుంది. ఆ అలవాటుకి ఒళ్ళు మండి సంఘం వదిలేసి పోయినవాళ్ళు కూడా ఉన్నారు.

దమయంతి వచ్చిన పని ఇది. బట్టీలో ఆడవాళ్ళ చేతులు జీడి అంటి పొక్కుతున్నాయి. చేతొడుగులు కావాలి, రాసుకోడానికి ఆముదం కావాలి. మొన్న యజమాని దగ్గరకు వెళ్ళి అడగాల్సిన రోజున దమయంతికి జ్వరమొచ్చింది. సంఘం కమిటీలో మిగతా అయిదుగురినీ వెళ్ళమంది.

"ఎల్లారమ్మా. ఆయన కుర్చీలేయించాడు, టీ ఇప్పించాడు. టీ తాగి వొచ్చీసారు! సేతొడుగుల మాట ఒక్కర్తీ ఎత్తలేదు. ఏటే అంటే, 'నువ్వు లేవు కదక్కా' అంటారు. టీ తాగడానికి మాత్రం నేనక్కర్లేదు!"

"ఎర్రమ్మ కూడా ఎల్లిందా?"

"ఎల్లింది. దానికి నోట్లో నాలికుంటే కదా? నిరుడు లేబర్ ఆఫీసరు ముందు 'అయ్యా, మా సేతులు' అని ఆగిపోతే, మిగతాదంతా నేను కాదా సెప్పింది?" దమయంతి నేల మీద చతికిలబడింది. "తొమ్మిదేళ్ళయింది. ఇంకెన్నాళ్ళమ్మా ఈళ్ళని మొయ్యడం? నా వల్ల కాదు. ఎన్నాళ్ళో నువ్వు సెప్పు, లేపోతే ఈ నెలతో మానేస్తాను."

వరహాలమ్మ గిన్నెను వదిలి మొదటిసారి ఆమె మొహంలోకి చూసింది. అప్పటికి పిల్లి గిన్నె దగ్గరకు చేరి తింటోంది.

"నా నడుం పడిపోయింది, వొంగలేకపోతన్నాను. ఆరు వారాలు పొద్దునా సాయంత్రం వొచ్చి దీన్ని నడిపించు. అప్పుడు సెప్తాను."

"పిల్లినా?"

"కాదు, ఏనుగుని."

దమయంతికి కోపం నషాళానికి అంటింది. తొమ్మిదేళ్ళ గోడు చెప్పుకుంటే పిల్లిని చేతికిస్తుందా? ఇంకెవరైనా అయితే ఆ గిన్నె తన్నేసి పోయేదే. చెప్పింది వరహాలమ్మ కాబట్టి పళ్ళు కొరుక్కుని ఒప్పుకుంది.

పిల్లి పేరు బుగ్గి. ఒళ్ళంతా బూడిదరంగు. వయసు పన్నెండేళ్ళు, అంటే మనుషుల్లో అరవై దాటినట్టే. బస్తాలు దింపుతున్న ఆటో కింద పడితే తుంటి నలిగిపోయింది. వరహాలమ్మతో పిక్కలు కొట్టిన ఒకామె కూతురు విశాఖపట్నంలో పశువుల డాక్టరు. ఆ అమ్మాయే కోసి, నలిగిన తుంటి గుండును, అంటే తొడ ఎముక పైనున్న గుండ్రటి కొసను, తీసేసింది. పంపేటప్పుడు చెప్పిన మాటలు వరహాలమ్మ దమయంతికి అప్పజెప్పింది. గుండు ఇక లేదు. దాని చోట కండే గట్టిపడి కీలులా పట్టుకోవాలి. కాలు వాడితే పట్టుకుంటుంది, వాడకపోతే బిగుసుకుపోతుంది. ఆరు వారాల్లో ఆ కాలు నేలకు ఆనకపోతే ఇక ఆనడం కష్టం. రెండో వెనకకాలు అసలే ముసలిది, కీళ్ళు అరిగినది, ఒక్కటే ఒంటి బరువు మొయ్యలేదు. అప్పుడు బతికినన్నాళ్ళూ నడుం ఈడ్చుకోవడమే.

పని వినడానికి సులువే. వేడినీళ్ళ గుడ్డతో తొడ కాపాలి. పాదం పట్టుకుని, నొప్పి పుట్టనంత మేర, సైకిలు తొక్కినట్టు పదిసార్లు కాలు ముడిచి చాపాలి. సిమెంటు గచ్చు జారుతుంది కాబట్టి గోనెసంచులు పరవాలి. పొట్ట కింద నుంచి తువ్వాలు వేసి, రెండు కొసలూ పైకి పట్టుకుని, పడిపోకుండా వెనకభాగాన్ని ఆపుతూ గిన్నెదాకా నడిపించాలి. అదీ నెమ్మదిగా. తొందరపెడితే మూడు కాళ్ళతో గెంతేస్తుంది, నాలుగోదాని జోలికే పోదు.

సులువేనట! మొదటి రోజే బుగ్గి దమయంతి మణికట్టు కొరికింది. రెండో రోజు మోచెయ్యి గీరింది. మూడో రోజు తువ్వాలు వెయ్యగానే చచ్చినదానిలా ఒళ్ళు వదిలేసి పక్కకి ఒరిగిపోయింది. లేపితే ఒరుగుతుంది, లేపితే ఒరుగుతుంది. చేప వాసనకి మాత్రం కళ్ళు తెరుస్తుంది. అరగంటకి ఆరడుగులు. అవతల బట్టీకి టైమయిపోతోంది. దమయంతి ఏం చేసిందంటే, వరహాలమ్మ కుళాయికి వెళ్ళేదాకా ఆగి, పిల్లిని రెండు చేతులా ఎత్తి గిన్నె ముందు కూర్చోబెట్టింది. బుగ్గి హాయిగా తిని మూతి నాక్కుంది. దమయంతి చేతులు దులుపుకుంది. పన్నెండు రోజులు ఇదే వరస.

వరహాలమ్మ దగ్గర ఒక ఎర్ర దారం ఉంది. ఆదివారం ఆదివారం బుగ్గి తొడ చుట్టూ చుట్టి, కలిసిన చోట ముడి వేసేది. రెండో ఆదివారం దారం చుట్టేసరికి మొదటి వారం ముడి దాటి ఇంకా బొటనవేలి వెడల్పు మిగిలిపోయింది. తొడ అంత సన్నబడింది.

"ఎత్తుతన్నావు," అంది వరహాలమ్మ.

దమయంతి బుకాయించలేదు. "జాలేసిందమ్మా. అరుస్తంటే సూడలేకపోయాను."

"నీ జాలికి దాని కండ కరిగిపోయింది సూడు. పెపంచకంలో అన్నిటికన్నా సులువైన పని ఎత్తుకుపోడం. నాలుగిళ్ళ మంది మెచ్చుకుంటారు కూడాను."

ఆ చివరి మాట దమయంతికి ముల్లులా గుచ్చుకుంది. సరే అయితే, చూసుకో అనుకుంది. మర్నాడు గిన్నెను పెరటి చివర దడి దగ్గర పెట్టింది. తువ్వాలు తీగ మీద పడేసింది. బుగ్గిని గడప దగ్గర దింపి, చేతులు కట్టుకుని నిలబడింది. కావలిస్తే నడు, వద్దంటే మానెయ్. బుగ్గి గిన్నెవైపు చూసింది, దమయంతివైపు చూసింది. రెండడుగులు వేసి బోర్లా పడింది. ఆ పడటం మళ్ళీ లేవలేదు. సాయంత్రం దమయంతి వచ్చేసరికి అదే చోట, తన మూత్రంలోనే తడిసి పడుకుని ఉంది. చేప పెడితే మొహం తిప్పేసుకుంది. మర్నాడూ తినలేదు.

వరహాలమ్మ అలా అరవడం దమయంతి చాలా ఏళ్ళుగా వినలేదు. వీధిలోవాళ్ళు తలుపులు తీసి చూశారు.

"ఎత్తొద్దంటే వొదిలీమన్నానా? నీకు రెండే తెల్సా? అయితే నెత్తినెట్టుకోడం, లేపోతే నేలకేసి కొట్టడం! మజ్జిన ఇంకేటీ లేదా?"

"మజ్జినేటుందో నువ్వే సెప్పొచ్చు కదా!" దమయంతి కూడా అరిచింది. "ఎత్తితే తప్పు, దింపితే తప్పు! ఎంత బరువు పట్టాలో ఎవలు సెప్తారు నాకు?"

"అది సెప్తాది," అంది వరహాలమ్మ పిల్లిని చూపించి, లోపలికి పోయింది.

దమయంతి ఆ పూట గోనెసంచి మీద కూర్చుని ఏడ్చింది. ఏడుస్తూనే తడిగుడ్డతో బుగ్గి ఒళ్ళు తుడిచింది. చేపను వేళ్ళతో మెదిపి మూతి దగ్గర పెట్టింది. రెండు ముద్దలు తిన్నాక గిన్నె జానెడు వెనక్కి జరిపింది. తువ్వాలు తెచ్చింది.

అక్కణ్ణుంచి చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు. రోజూ ఒకటే పని. కాపడం, కాలు ముడవడం, చాపడం, నడుం వంచి పిల్లి వెనకాల అడుగులో అడుగు వెయ్యడం. బుగ్గి ఆగితే ఆగడం. తూలితే బిగించడం. ఇలాంటి పనిని ఎవరూ మెచ్చుకోరు, దండలు వెయ్యరు, చూసేవాళ్ళకి విసుగు. దమయంతికి నడుం పట్టేసింది. ఇంట్లో చెంబు అందుకోడానికి వంగినా "అమ్మా" అనేది. మూడో ఆదివారం దారం కిందటి వారం ముడి దగ్గరే ఆగింది. నాలుగో ఆదివారం దారం కొస ముడిని అందుకోలేదు, తొడ లావెక్కింది. అయిదో వారంలో బుగ్గి కుడిపాదం వేళ్ళు గోనె మీద విచ్చుకుని ఆనాయి. దమయంతి అది చూసి కేక పెట్టబోయి నోరు మూసుకుంది. బెదిరి మళ్ళీ కాలు ఎత్తేస్తుందేమోనని భయం.

ఆ భయంతోనే మరింత జాగ్రత్తగా పట్టుకోసాగింది. తువ్వాలు కొసలు చేతికి చుట్టుకుని మరీ పట్టుకునేది.

ఆరో వారం, డాక్టరుకి చూపించడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. పొద్దున్న బట్టీకి పోయే ఆడవాళ్ళు దడి అవతల ఆగారు. సంఘం నాయకురాలు రెండుగా వంగి పిల్లి వెనకాల నడుస్తుంటే ఆగకుండా ఎలా పోతారు?

"ఒలమ్మో, పెళ్ళికూతుర్ని పందిట్లోకి తెస్తన్నట్టుంది!" అంది ఒకామె.

"నవ్వండే, నవ్వండి. టీ తాగడానికి రాలేదు నేను," అంది దమయంతి తలెత్తకుండా.

నవ్వులు ఆగాయి. వెనకనుంచి ఎర్రమ్మ దడి దగ్గరకొచ్చింది.

"అక్కా, ఆ తువ్వాలు..."

"ఉతికిందేలే, నిన్ననే ఉతికాను."

"అది కాదక్కా, తువ్వాలు..."

"కొత్తది తెమ్మంటావా? ఇది సాల్లే."

"అక్కా, నన్ను సెప్పనీ!" అంది ఎర్రమ్మ. ఈసారి ఆగలేదు. "తువ్వాలు జారిపోయింది. దాని పొట్టకి తగల్నేలేదు. నిన్న కూడా ఇలగే ఉంది, నేను సూసాను. అది దానంతటదే నడుస్తంది. నువ్వొట్టినే వొంగున్నావు."

"నీకేటి తెల్సే? బరువు నా సేతుల్లో కదా ఉంది!" అని దమయంతి తువ్వాలు కొంచెం పైకి లాగింది.

బరువేమీ తగల్లేదు. వంగి చూసింది. పిల్లి పొట్టకీ తువ్వాలుకీ మధ్య నాలుగు వేళ్ళు దూరేంత సందుంది. మోస్తున్నానని ఆమె అనుకున్నదంతా ఆమె బిగబట్టుకున్న సొంత చేతుల బరువే.

ఆమె అలా చూస్తుండగానే బుగ్గి విసుగ్గా తోక ఒకసారి విదిలించి, తువ్వాలులోంచి ముందుకు వెళ్ళిపోయింది. నడక వంకరగానే ఉంది. కుడికాలు కొంచెం బయటికి విసురుతోంది. అయినా ప్రతి అడుగుకీ నాలుగు పాదాలూ నేలకు ఆనుతున్నాయి. గోనెసంచులు దాటింది. ఉత్త మట్టి మీద కూడా నడిచి, గిన్నె చేరి, తలొంచి తినడం మొదలుపెట్టింది.

దమయంతి ఇంకా వంగే ఉంది. ఖాళీ తువ్వాలు రెండు కొసలూ ఇంకా చేతుల్లోనే ఉన్నాయి.

గడపలో కూర్చున్న వరహాలమ్మవైపు తిరిగింది. "నీకు తెల్సా?"

"నాలుగు రోజుల్నుంచి."

"మరి సెప్పలేదేటమ్మా? నా నడుం ఇరిగిపోయింది!"

"సెప్తే వొదిలీదానివా?"

దమయంతి గిన్నెవైపు చూసింది. అప్పుడు కూడా ఆమె నోట వచ్చిన మాట ఒక్కటే. "పడిపోతేనో?"

వరహాలమ్మకు చిర్రెత్తుకొచ్చింది. గోడ పట్టుకుని లేచింది.

"ఎన్నాళ్ళు మొయ్యాలని అడిగావు కదా? కాలికి సత్తువొచ్చిందని దానికి తెల్సింది. దడి అవతల నిలబడ్డ ఎర్రమ్మకి తెల్సింది. ఆరు వారాలూ తువ్వాలు పట్టుకున్న నీకెందుకు తెల్లేదే?"