విశాలాక్షి టీచరు కారు అద్దం

చోడవరంలో తెలివి ఎక్కడ దొరుకుతుందని అడిగితే, కార్లకి రంగులేసే కొయ్యాన వారి షెడ్డులో అని చెప్పేవాళ్ళు. ఆ చెప్పేది కూడా కొయ్యాన వాళ్ళే. షెడ్డుకి పెద్ద గవరయ్య. అతని పెళ్ళాం నూకరత్నం, తమ్ముడు సన్నిబాబు, ఉయ్యాల్లో ఓ చంటిపిల్ల. "మనింట్లో తెలివి లేనిది ఆ పిల్లొక్కతే. పాపం, చెప్పింది చెప్పినట్టు చెయ్యడం దానికింకా రాదు" అని గవరయ్య రోజూ జాలిపడేవాడు.

ఒకరోజు పొద్దున్నే విశాలాక్షి టీచరు తన పాత అంబాసిడర్ కారు తీసుకొచ్చింది. గవరయ్యకి అక్షరాలు దిద్దించింది ఆవిడే. కారు ఆవిడ భర్తది. ఆయన పోయాక రంగు పట్టించుకున్నవాళ్ళు లేక వెలిసిపోయింది. ఇప్పుడు కొత్తగా మీగడ రంగు వెయ్యాలి. వెయ్యాలంటే ముందువైపు పెద్దద్దం ఊడదియ్యాలి.

"గవరయ్యా, జాగ్రత్తగా విను. ఇలాంటి అద్దం ఇప్పుడు ఎక్కడా దొరకదు. ఆయన పంచె చెంగుతో తుడుచుకున్న అద్దం ఇది. పగలకూడదు. చుట్టూ ఉన్న రబ్బరుకి సబ్బునీళ్ళు పట్టించండి. మెత్తబడ్డాక మూల నుంచి మొదలుపెట్టండి. లోపల్నుంచి ఒకరు మెల్లగా తొయ్యాలి, బయట ఒకరు పట్టుకోవాలి. బలవంతం చెయ్యొద్దు. బుజ్జగించి తియ్యండి."

చెబుతూనే ఆవిడ కొంగుతో అద్దాన్ని ఓసారి తుడిచింది. గవరయ్య చేతులు కట్టుకున్నాడు. "మీ మాట ఒక్కక్షరం జవదాటనండి టీచరమ్మగారూ" అన్నాడు.

ఆవిడ అటు వెళ్ళగానే తమ్ముణ్ణీ పెళ్ళాన్నీ పిలిచాడు. "విన్నారుగా? పగలు కూడదంట!"

"మరిప్పుడు పగలే కదన్నయ్యా?"

"అందుకే, ముందు పగలు లేకుండా చెయ్యాలి."

ఇంకేముంది! కిటికీలకి గోనెసంచులు కట్టారు, గుమ్మానికి ఇంట్లో ఉన్న బొంతలన్నీ వేలాడదీశారు. షెడ్డంతా కాటుక డబ్బాలా అయిపోయింది. సన్నిబాబు మోకాలు స్టూలుకి కొట్టుకుంది, నూకరత్నం నుదురు సన్నిబాబు నుదుటికి కొట్టుకుంది. అయినా ముగ్గురికీ సంతోషమే. ఒక్క మాట నెరవేరింది.

"ఇప్పుడు రబ్బరుకి సబ్బునీళ్ళు పట్టించాలి" అన్నాడు గవరయ్య.

"పట్టించడం నాకొదిలెయ్ మావా, పిల్లకి రోజూ నేనేగా పట్టిస్తున్నాను" అని నూకరత్నం ఉగ్గుగిన్నె తెచ్చింది. రబ్బరు పెదవి వేలితో ఎత్తి, కొంచెం కొంచెంగా సబ్బునీళ్ళు పోసింది. బుడగలొస్తే కొంగుతో మూతి తుడిచింది. పొలమారుతుందేమోనని నెత్తిన తట్టింది. చుట్టూరా అలా పోసేసరికి రబ్బరు జున్నులా మెత్తబడింది.

"తాగేసింది మావా! ఇంక తేన్పు రావాలి."

"తేన్పు సంగతి టీచరమ్మ చెప్పలేదు, వదిలెయ్. మూల నుంచి మొదలుపెట్టమంది. పదండి మూలకి!"

షెడ్డు మూల అటు గుమ్మం పక్కన ఉంది. ముగ్గురూ కలిసి చీకట్లో కారుని మూలకి తోశారు. దారిలో రంగు డబ్బాలు దొర్లాయి, కారు ముక్కు వెళ్ళి బొంతలకి తగులుకుంది. అంతే! తాడు తెగి బొంతలన్నీ బానెట్ మీద పడ్డాయి. భళ్ళున ఎండ లోపలికొచ్చింది.

"అన్నయ్యా, పగలు! పగలొచ్చేసింది!"

టీచరమ్మ అద్దం తుడిచిన తీరు గుర్తొచ్చి గవరయ్యకి ఏడుపొచ్చినంత పనైంది. అంతలో అతని తెలివి మెరిసింది. "కళ్ళు మూసుకోండి! మూసుకుంటే చీకటే కదా!"

ముగ్గురూ కళ్ళు మూసుకున్నారు. గవరయ్య తడుముకుంటూ కారెక్కి, సీట్లో కూర్చుని, స్టీరింగుని మెల్లగా తొయ్యడం మొదలుపెట్టాడు. ఎంత తోసినా కారు కదల్లేదు.

"లోపల్నుంచి తోస్తే ఏదీ కదలదేంట్రా?"

"అది నీ పని. బయట నేను పట్టుకోవాలి. ఏం పట్టుకోమంది?"

"అది చెప్పలేదు. ఏది దొరికితే అది పట్టుకో."

సన్నిబాబు పక్క కిటికీలోంచి చెయ్యి దూర్చాడు. దొరికింది గవరయ్య జుట్టు. గట్టిగా పట్టుకున్నాడు. "ఓరి నాయనో!" అని గవరయ్య సీట్లో వెల్లకిలా పడ్డాడు, రెండు పాదాలూ లేచి వెళ్ళి అద్దానికి ఆనుకున్నాయి.

"మా తల్లి కదూ! మా బంగారం కదూ! వచ్చెయ్యమ్మా" అని బానెట్ దగ్గర నూకరత్నం అద్దాన్ని బుజ్జగిస్తోంది.

జుట్టు నొప్పికి గవరయ్య కాళ్ళు తన్నుకున్నాడు. మెత్తబడిన రబ్బరు జారింది. పెద్దద్దం లేచి, సుతారంగా బొంతల మీదకి దిగి పడుకుంది. ఒక్క గీత పడలేదు.

"పిలిస్తే వచ్చేసింది మావా!" అని నూకరత్నం మురిసిపోయింది.

సాయంత్రం విశాలాక్షి టీచరు వచ్చి చూసింది. శుభ్రంగా తుడిచి పెట్టిన అద్దాన్ని చేత్తో నిమిరింది. కళ్ళు చెమర్చాయి. "ఎంత బాగా తుడిచారర్రా! అసలు అద్దం ఉందో లేదో తెలియడం లేదు. రంగు ఆరాక బిగించి, కారు వెనక్కి తెచ్చివ్వండి" అని వెళ్ళింది.

ఆ రాత్రి గవరయ్యకి అన్నం సహించలేదు. "ఉందో లేదో తెలియడం లేదందే! రేపు లేదంటే మన గతేంటి?"

"ఉన్నట్టు కనబడేలా చేద్దాం అన్నయ్యా."

ఇంకేముంది! కారుతో పాటు అద్దానికీ మీగడ రంగు వేశారు. లోపలా బయటా దట్టంగా. ఆరాక బిగించారు. ఇప్పుడు అద్దం ఉందని గుడ్డివాడికైనా తెలుస్తుంది. గవరయ్య గర్వంగా కారెక్కి ముందుకి చూశాడు. గోడలా మీగడ రంగు తప్ప ఏమీ లేదు.

"రోడ్డు కనబడదే, ఎలా తీసుకెళ్తాం?"

నూకరత్నం చటుక్కున అంది. "టీచరమ్మ ముందే చెప్పింది కదా మావా! వెనక్కి తెచ్చివ్వండి అని."

గవరయ్య చేతులెత్తి దణ్ణం పెట్టాడు. "చదువుకున్నవాళ్ళ ముందుచూపు అదీ!"

అంతే! పిల్లతో సహా అందర్నీ కారెక్కించుకుని, రివర్సు గేరేసి, వెనకద్దంలోంచి చూస్తూ, షెడ్డు నుంచి బజారు మీదుగా కారు వెనక్కి వెనక్కి నడిపించాడు. కూరల బండివాళ్ళు ఏదో అరిచారు. మెచ్చుకుంటున్నారనుకుని సన్నిబాబు చెయ్యి ఊపాడు.

విశాలాక్షి టీచరు గేటు దగ్గర నిలబడి ఉంది. ముందు కారు వెనక భాగం వచ్చింది, తర్వాత తలుపులొచ్చాయి, ఆఖర్న మీగడ రంగు అద్దం వచ్చింది. ఆవిడ గబగబా దగ్గరికొచ్చింది. గోటితో గీకి చూసింది. రంగు పెచ్చుగా లేచింది, కింద అద్దం చెక్కుచెదరలేదు. ఊపిరి పీల్చుకుంది. ఆ తర్వాత కోపమొచ్చింది.

"ఒరే, ముందు నా కళ్ళ ముందు నుంచి పొండి!"

ముగ్గురూ వినయంగా తలూపి, కారు దిగి వెళ్ళి, ఆవిడ వెనకాల వరసగా నిలబడ్డారు.

ఆవిడ గిరుక్కున వెనక్కి తిరిగింది. "అయ్యో, మళ్ళీ కళ్ళ ముందుకొచ్చేశాం, పరుగెత్తండి!" అని గవరయ్య కేకేశాడు. వాళ్ళు చుట్టూ పరుగెత్తి మళ్ళీ వెనక్కి చేరారు. ఆవిడ మళ్ళీ తిరిగింది. వాళ్ళు మళ్ళీ పరుగెత్తారు. కోపంతో తిరుగుతున్న ఆవిడ నవ్వాపుకోలేక గేటు పట్టుకుని కూలబడేదాకా, చంటిపిల్లని చంకనేసుకుని మరీ, కొయ్యాన వాళ్ళు ఆవిడ చుట్టూ తిరుగుతూనే ఉన్నారు.