నక్క నేర్పిన ఈత

గోదావరి మధ్యనున్న ఆ లంక తెల్లారేసరికి సగం మునిగింది. మిగిలిన మెరక మీద ఒక కోతి, ఒక నక్క, పిల్లను కడుపు కిందికి లాక్కున్న మేక. వరదలో ఒకరినొకరు తినకూడదన్న బుద్ధి నక్కక్కూడా ఉంది. అవతలి ఒడ్డున, కాస్త ఎగువన, ఎవరో కట్టేసిన అరటిబోదెల తెప్ప ఊగుతోంది. ముడి విప్పితే చాలు, ప్రవాహమే దాన్ని లంకకు చేరుస్తుంది. ముడి విప్పే వేళ్లున్నది కోతికొక్కదానికే.

"వెళ్తాను గానీ, నా ఈత అంతంతమాత్రం," అంది కోతి.

నీటి అంచున కూర్చున్న ముసలి కప్ప గొంతు సవరించుకుంది. "భయపడకు నాయనా. అరచెయ్యి చాపి నీళ్లను వెనక్కి నెట్టు. వేళ్లు బిగించొద్దు, బార్లా తెరవొద్దు. మధ్యలో గడ్డిపరక దూరేంత సందుంచు."

"సందుంచితే నీళ్లు కారిపోవూ?" నక్క నవ్వింది. "దోసిట్లో తాగేటప్పుడు వేళ్లు ఎడంగా పెడతావా కోతి బావా? పిడికిలి బిగించు. బలమంతా అక్కడే ఉంది."

"తాగే నీళ్లు వేరు, నెట్టే నీళ్లు వేరు. ఆ కాస్త సందులోంచి నీళ్లు అంత తొందరగా జారవయ్యా," అంది కప్ప.

"దానికేం, ఎన్నయినా చెబుతుంది. వరదొస్తే మనకు చావు, దానికి పండగ!"

మేక బెదురుతూనే అడిగింది. "నక్క మామా, నీకసలు పట్టుకునే వేళ్లే లేవు కదా?"

"పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే నీకెందుకే? ఊరుకో."

కోతికి దోసిలి మాట నచ్చింది. రోజూ తాగే నీళ్ల సంగతి తనకు తెలియదా! పిడికిళ్లు బిగించి దూకేసింది.

పాపం, ఎంత గట్టిగా గుద్దినా నీళ్లు పిడికిలికి అటూ ఇటూ తప్పుకున్నాయే గానీ దాన్ని ముందుకు తొయ్యలేదు. "వేళ్లు విప్పు! విప్పరా నాయనా!" అంటూ కప్ప వెంట ఈదింది. భయంతో బిగుసుకున్న చెయ్యి ఇక విప్పుకోలేదు. నడిఏట్లో ఒకసారి తల కనిపించింది, ఆపైన పిడికిలి కనిపించింది, తర్వాత ఏమీ లేదు.

నీళ్లు మేక మోకాళ్లకు వచ్చాయి. తెప్ప కట్టినచోటే ఊగుతోంది.

"ఇప్పుడెలా మామా?" అంది మేక, పిల్లను తలతో పైకి నెడుతూ.

నక్క ముందుకాలు ఎత్తి, అందులో ఏమైనా ఉందేమోనన్నట్టు చూసుకుంది. ఆ మేకపిల్లను తలుచుకుంటే నాకిప్పటికీ దిగులే.

ఈత రానివాడు నేర్పిన ఈతను నమ్మితే, మునిగేది నమ్మినవాడొక్కడే కాదు.