తెర వెనక ఎవరు?

లింగమూర్తి మాస్టారిని ప్రశ్న అడగాలంటే గుండె ధైర్యం కావాలి. ఆయన జవాబు చెప్పరు, పని చెబుతారు. నటన అంటే ఏమిటని అడిగిన పాపానికి ఒక శిష్యుణ్ణి పెళ్ళివారింట్లో వడ్డనకు పంపారు. స్టేజీ మీద ఏడుపు రావడం లేదని మొరపెట్టుకున్న మరొకడి చేత ఉల్లిపాయలు తరిగించారని రేపల్లెలో చెప్పుకుంటారు గానీ, అది గిట్టనివాళ్ళు పుట్టించిన మాట.

దివాకర్ ఆయన దగ్గర నాటకాలు రాయడం నేర్చుకోవడానికి చేరాడు. చేరిన దగ్గర్నుంచీ నాటకమైతే రాయలేదు గానీ, టీవీని మాత్రం తీరిగ్గా దుమ్మెత్తిపోశాడు. సీరియళ్ళ మీదా కామెడీ షోల మీదా ఒక వారపత్రికలో అతను రాసే విమర్శలకు ఊళ్ళో అభిమానులు కూడా తయారయ్యారు. అత్తగారు వడ్డాణంతో నిద్రపోతుంది, ఒరుసుకోదా అని అడిగాడు. విషం కలిపిన పాలగ్లాసు వంటింట్లోంచి పడకగదికి చేరడానికి వారం పట్టింది కాబట్టి, ఆ పాలు ఎప్పుడో విరిగిపోయి ఉంటాయనీ, హీరోకు వచ్చిన భయమేమీ లేదనీ తేల్చాడు. కామెడీ షోలో జోకు కంటే ముందే నవ్వు వినిపిస్తుందన్నాడు. ఎవరేమన్నా ఒక ఉరుము ఉరిమించి, వరసగా ముగ్గురి మొహాలు చూపించడం అంటే మాత్రం అతనికి ఒళ్ళు మంట. కొన్నిచోట్ల కోడిగుడ్డు మీద ఈకలు పీకినా, చాలావరకు అతను చెప్పినవి నిజాలే.

ఇలా ఉండగా తమ నాటక సమాజం వార్షికోత్సవానికి హాస్యనాటిక రాసే పని మాస్టారు అతనికే అప్పగించారు. గడువు ముంచుకొచ్చింది. ఇవ్వలేకపోతే పాత నాటికనే మళ్ళీ వేస్తారు, రచయితగా అతని ముచ్చట తీరదు. కూర్చుని ఒక వాక్యం రాస్తే చాలు, దాంట్లో తప్పు కనిపించేది, చింపేసేవాడు. చివరికి సిగ్గు విడిచి మాస్టారి దగ్గరికి వెళ్ళాడు.

"మాస్టారూ, ఎవరెక్కడ తప్పు చేసినా నాకు ఇట్టే తెలిసిపోతుంది. అలాంటివాడికి ఒక్క రంగమైనా రాయడం రావాలి కదండీ. ఎందుకు రావడం లేదు?"

"సాయంత్రం మా ఇంటికి రా," అన్నారు మాస్టారు. "మా ఆవిడతో కూర్చుని సీరియల్ చూద్దువుగాని."

వెళ్ళాడు. మాస్టారి భార్య సీతారావమ్మగారు, పక్కింటి నాంచారమ్మ, ఎదురింటి సలోమి టీవీ ముందు చాప పరుచుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. బయట వాన మొదలైంది. మాస్టారు పడక్కుర్చీలో కళ్ళు మూసుకున్నారు. సీరియల్ పేరు 'మెట్టినింటి మల్లిక'. ఆ ఇంటి స్టోరుగదిలో తినుబండారాలు మాయమవుతున్నాయి, నింద కోడలు మల్లిక మీద పడింది. దొంగను తానే పట్టుకుంటానని అత్తగారు చీకట్లో ఒంటరిగా స్టోరుగదికి బయల్దేరింది. అలికిడికి మల్లికా ఆడపడుచూ వంటమనిషీ లేచి వెంట వచ్చారు. గదిలో తెర కదిలింది.

"ఇక చూస్కోండి, ఉరుము," అన్నాడు దివాకర్. "తర్వాత ఏం జరుగుతుందో నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను."

"ఉండబ్బాయ్, చూడనియ్యి," అంది నాంచారమ్మ.

అత్తగారు తెర మీద చెయ్యి వేసింది. సరిగ్గా అప్పుడే వాన జోరందుకుని టీవీలో బొమ్మ పోయింది. చాప మీది ముగ్గురూ ఒక్కసారి ఉసూరుమన్నారు. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, ముగ్గురూ దివాకర్ వైపు తిరిగారు.

"నిద్రలో లేపినా చెబుతానంటివిగా," అంది సలోమి. "మెలకువగానే ఉన్నావు. చెప్పు, తెర వెనక ఎవరు?"

"ఇంకెవరు, పోయాడనుకున్న మామగారు!"

"ఛ, ఆయన దినం కూడా చేశారు. ఊరికే అనకు. ఎవరు?"

దివాకర్‌కు నోట్లో వెలక్కాయ పడింది. నెల రోజులుగా కాగితం ముందు పడుతున్న బాధే ఇది. కాకపోతే చింపేసి లేచిపోవడానికి ఇక్కడ కాగితం లేదు, ఎదురుగా మూడు మొహాలున్నాయి.

"అత్తగారు తెర లాగింది," అన్నాడు మెల్లగా. "మల్లిక చూసింది."

"చూసి?"

"ఆడపడుచు చూసింది."

"చూసి?"

"వంటమనిషి కూడా చూసింది," అన్నాడు, చెమట తుడుచుకుంటూ. ఆ క్షణంలో బయట నిజంగానే పెద్ద ఉరుము ఉరిమింది. ఆడవాళ్ళు ముగ్గురూ ఘొల్లుమన్నారు. తానేం చేశాడో తెలిసి దివాకర్‌కూ నవ్వాగలేదు. ఆ నవ్వులోనే ఏదో తట్టింది.

"తెర వెనక ఆ ఇంటి డాక్టరు! షుగరుందని అత్తగారి చేత తీపి మాన్పించినాయన. చంకలో సున్నుండల డబ్బా, బుగ్గలో ఒకటి."

"అమ్మ దొంగా! ఆవిడ వదుల్తుందా?" అంది సీతారావమ్మగారు.

"ఎట్లా పట్టిస్తుందండీ? ఆవిడ వచ్చిందీ సున్నుండలకేగా! డాక్టర్ని చూపిస్తే తన దొంగతనమూ బయటపడదూ? అందుకని తెర మళ్ళీ జాగ్రత్తగా మూసి, 'ఇక్కడెవరూ లేరే' అంది. అప్పుడు తెర వెనక నించి గొంతు వచ్చింది: 'అమ్మా, రాత్రి మాత్ర వేసుకున్నారా?'"

నాంచారమ్మకు పొలమారింది. సలోమి కడుపు చెక్కలయ్యేలా నవ్వి చిక్కుడుకాయల పళ్ళెం ఒలకబోసింది. దివాకర్ లేచి నిలబడి డాక్టరై నక్కాడు, అత్తగారై గద్దించాడు, మల్లికై మూతి తిప్పాడు. అడిగినదానికల్లా జవాబు పుట్టుకొచ్చింది. ఇంత సంతోషం అతను ఎన్నడూ ఎరగడు.

వాన తగ్గి టీవీ తిరిగొచ్చింది. తెర వెనక నుంచి దూకిన పిల్లిని అత్తగారు తరుముతోంది.

"పిల్లా!" అంది సలోమి. "దీని మొహం మండ, డాక్టరే నయం."

దివాకర్ టీవీ వైపు చూసి కూడా చూడనట్టే, "అమ్మగారూ, కాగితం ఉందాండీ, పెన్నూ?" అని ఇల్లంతా తిరుగుతున్నాడు. ఇచ్చిన కాగితాలు రెండు వైపులా నింపి, జేబులో పెట్టుకుని బయల్దేరబోతూ గుమ్మం దగ్గర ఆగాడు.

"మాస్టారూ, నా ప్రశ్నకు జవాబు చెప్పనేలేదు మీరు."

"డాక్టరు వేషం నాకుంచు," అన్నారు మాస్టారు కుర్చీలోంచి లేవకుండానే. తర్వాత నవ్వుతూ అన్నారు: "పిల్లిని రాసినవాణ్ణి ఇవాళ తిట్టడం మరిచిపోయావు నాయనా."