వరండాలో వచ్చిన అర్జీ

ఓబుళమ్మను ఏదైనా అడిగితే సూటిగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. మంత్రిగా ఉన్న రోజుల్లో ప్రతిపక్షాన్ని ఏడిపించింది ఈ గుణంతోనే. రాజకీయాలు మానుకున్నాక శిష్యుల్ని ఏడిపిస్తున్నదీ దీనితోనే.

ఆ ఉదయం హైమావతి ఓబుళమ్మ ఇంటికి వచ్చీ రాగానే చేతిసంచీలోంచి రాజీనామా లేఖ తీసి ఆమె ముందు పెట్టింది. హైమావతి రెండోసారి గెలిచిన ఎమ్మెల్యే.

“ఇంక నా వల్ల కాదు పెద్దమ్మా. కాలవకు నీళ్లెందుకు రాలేదని నిన్న సమావేశంలో ఇంజినీరును నేనడిగితే, అతను మా ఆయన వైపు తిరిగి జవాబు చెప్తాడు! ఫ్లెక్సీలో ఆయన నిలువెత్తు, నేను మూలన స్టాంపు బిళ్లంత. గెలిచింది నేను, సంతకం నాది. ఏడేళ్లయింది. వీళ్ల కంటికి నేను ఆనేదెప్పుడు?”

ఓబుళమ్మ ఆ కాగితం వైపు చూడనైనా లేదు.

“నేను రాజకీయాలు మానినా జనం నాకు అర్జీలు తేవడం మానలేదు, వాళ్లొచ్చే వేళయింది. ఈ పూట నువ్వు చూడు” అంది.

హైమావతికి ఒళ్లు మండింది. నా బతుకేమిటని అడిగితే ఈవిడ పని పురమాయిస్తుందేమిటి! అయినా ఎదురు చెప్పలేక, విసురుగా వెళ్లి వరండాలో కూర్చుంది.

గేటు తీసుకుని ఇద్దరొచ్చారు, నడివయసు ఆడమనిషి ఒకామె, తెల్లచొక్కా వేసుకున్న మగమనిషి ఒకతను. ఆమె కాగితం అందించింది. అడుగున సర్పంచ్ ముద్ర ఉంది. ఊళ్లో బడి పైకప్పు పెచ్చులూడి పిల్లల మీద పడుతోందట. హైమావతి పక్కనున్న కుర్చీ అతని వైపు జరిపింది.

“కూర్చో సర్పంచ్. ఎన్ని గదులు పాడయ్యాయి? పిల్లలకేమైనా దెబ్బలు తగిలాయా? ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావు?”

అతను కూర్చోలేదు, పక్కకు చూశాడు. పక్కనున్నామె ఏదో చెప్పబోయింది.

“ఉండమ్మా, ఆయన్ని చెప్పనీ” అని హైమావతి విసుక్కుంది.

“నాకేం తెల్సు మేడం?” అన్నాడతను బిక్కమొహం వేసి. “నేను ఆటో తోలేవాన్ని. సర్పంచి ఈ యక్క కదా!”

హైమావతి సిగ్గుతో చితికిపోయింది. కోపం తెచ్చుకుంటుందేమోనని ఆ సర్పంచ్ మొహంలోకి భయంగా చూసింది. అక్కడ కోపం లేదు. ఇలాంటివి రోజూ పడి పడి అలవాటైపోయిన విసుగు మాత్రం ఉంది. కోపమే నయమనిపించింది హైమావతికి.

లోపలి నుంచి ఓబుళమ్మ మెల్లగా నడిచొచ్చి, ఆ సర్పంచ్‌ను చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది.

“మా ఎమ్మెల్యే ఇంకా కొత్త తల్లీ. నీ పేరు దగ్గర మొదలుపెట్టి, నిదానంగా చెప్పు.”