పసుపు మరక ఉన్న పాటల పుస్తకం

వృక్షశాస్త్రం అనంతశయనం మాస్టారు ఏదడిగినా అవుననీ చెప్పరు, కాదనీ చెప్పరు. ఎప్పుడో జరిగిన సంగతొకటి ఎత్తుకుంటారు. అది తెలిసి కూడా, ఒకప్పటి శిష్యురాలు సువర్చల ఆయన్నే అడిగింది.

వాళ్ల నాన్నగారి వంశంలో పుట్టుకతో నుదుటిమీద జుట్టులో తెల్లపాయ వచ్చిన వాళ్లందరికీ నలభై దాటేసరికి చూపు పోయింది. నాన్నగారికీ పోయింది. ఆ పాయ సువర్చలకూ ఉంది. కంటి పరీక్షకు రమ్మన్న డాక్టరు చీటీ మూడు వారాలుగా ఆమె సంచిలో నలుగుతోంది.

"బీజకణాలు తయారయ్యేటప్పుడు జంట క్రోమోజోములు ఆనుకుని ముక్కలు మార్చుకుంటాయని పిల్లలకు నేనే పాఠం చెబుతానండీ. నాదాకా వచ్చేసరికి బుర్ర పనిచెయ్యడం లేదు. పాయతో పాటు ఆ జబ్బూ వచ్చేసినట్టేనా?"

మాస్టారు కళ్లజోడు తుడుచుకుని చెప్పుకొచ్చారు. ఆయన తల్లికీ పెద్దమ్మకూ నాయనమ్మ చెరొక పెళ్లిపాటల పుస్తకం తన చేత్తోనే రాసిచ్చింది. అవే పాటలు, అదే వరస. మాటలు మాత్రం అక్కడక్కడా వేరు. పెద్దమ్మ అప్పగింతల పాటకు పెళ్లికొడుకు తల్లి కూడా కళ్లొత్తుకునేది. పుస్తకాలు చివికితే బైండింగుకు ఇచ్చారు. ఆ రోజుల్లో పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలిపేవారు, ఇప్పుడెవరు కలుపుతున్నారు! సరే, బైండరు రెండిటినీ విప్పి, పాటకెదురుగా పాట పరిచి, భోజనానికి వెళ్లొచ్చాడు. ఎత్తేటప్పుడు సగం దగ్గర్నుంచి ఇటువి అటూ, అటువి ఇటూ పడ్డాయి. ఒక్క పాట పోలేదు, ఒక్కటి రెండుసార్లు రాలేదు.

మొదటి పేజీలో పసుపు మరక చూసి, ఇది నాదేనని పెద్దమ్మ తీసుకుంది. పుస్తకం చూడందే ఆవిడకు చరణం గుర్తుండదు. పెళ్లిలో అప్పగింతలు పాడితే ఎవరి కన్నూ చెమర్చలేదు.

"నా పాట కాజేశావే!" అంది తోడికోడలితో, అంటే మాస్టారి తల్లితో.

"నీ ఏడుపు నాకెందుకక్కా? నాకున్నది చాలదూ?"

సువర్చలకు నవ్వొచ్చింది, మళ్లీ భయమేసింది. తెల్లపాయ పసుపు మరకనుకుంటే, జబ్బు ఏ పేజీ? తనదాకా రాకముందే, నాన్నగారిలోనే పేజీలు తారుమారైపోయాయా?

"అయితే నాకు రాలేదంటారా?"

"అనలేదే. పక్కపక్క పేజీలైతే విడిపోవడం అరుదు."

"వచ్చిందంటారా?"

"అదీ అనలేదు."

చీటీ ఉన్న సంచి భుజానికి తగిలించుకుని కూడా ఆమె గుమ్మంలోనే నిలబడింది. "ఏదో ఒకటి చెప్పండి మాస్టారూ!"

"మొదటి పేజీ చూపించి అడిగితే ఏం చెప్పనమ్మా? మా పెద్దమ్మకు కూడా పాట ఎత్తుకున్నాకే తెలిసింది."