జోడీ లేని రాజకుమారుడి కోలాటం

ఈ కథ మొదట చెప్పింది కోలాటం పంతులు మద్దిలేటి తాత. ఆయన చెప్పినట్టే చెప్పాలి, ఒక అడుగు అటూ ఇటూ అయినా ఒప్పుకునే మనిషి కాదు. కాబట్టి పిల్లలూ, మధ్యలో మాట్లాడొద్దు.

అనగనగా తామ్రగిరి అనే రాజ్యం. ఆ రాజ్యానికో రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయమల్లుడు, నడిపివాడు విజయమల్లుడు, చిన్నవాడు కొండమల్లుడు. చిన్నవాడు పుట్టిన రోజే తల్లి పోయింది. అది వాడి తప్పా? కాదు. అయినా వాడితో కోల కలిపితే కీడని అన్నలే ఊరంతా చాటారు.

ఆ ఊళ్ళో పిల్లలకు పాట ముందు నోటికి నేర్పరు. ముందు కాలికి, కాలి నుంచి చేతికి, చేతి నుంచి నోటికి. నేర్పేది లచ్చుమవ్వ.

"తకిట అంటే మూడు, పుంజు నడక. తకధిమి అంటే నాలుగు, ఎద్దు నడక. తకతకిట అంటే అయిదు, కుంటిమేక నడక. నడవండ్రా ముందు! పాట దానంతటదే వస్తుంది" అనేది.

కోలాటానికి జోడీ కావాలి. పిల్లలు ముప్పై మంది, పదిహేను జోడీలు. కొండమల్లుడు మిగిలిపోయాడు. వాడు కోల చాస్తే పిల్లలు కోల వెనక్కి తీసుకునేవాళ్ళు. అవ్వ వాణ్ణి తీసుకుపోయి మండపం స్తంభం ముందు నిలబెట్టింది.

"జోడీ లేనివాడికి రాయే జోడీ నాయనా. కొట్టు."

"రాయి తిరిగి కొట్టదు కదవ్వా?"

"కొట్టదు. అందుకే నీ కాలి చప్పుడు నువ్వే వినుకోవాలి."

ఏడేళ్ళు కొట్టాడు. రాతికి గుంట పడింది. అటు పక్క ముప్పై మంది నవ్వులు, ఇటు పక్క వాడూ, రాయీ. "ఇటు రారా" అన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

ఒకనాడు సుడిగాలి మీద గండభేరి అనే మాంత్రికుడు వచ్చాడు. పదిహేను జోడీలనూ ఎత్తుకుపోయాడు. కొండమల్లుణ్ణి చూసి, "ఒంటిగాడివి, నువ్వెందుకురా నాకు!" అని నవ్విపోయాడు. వీధులన్నీ మూగబోయాయి. తల్లులు వాకిళ్ళలో కూర్చుని, "అందరూ పోయి వీడొకడు మిగిలాడు" అని వాడి వైపు చూసేవాళ్ళు. వాడు తల దించుకుని పోయేవాడు.

పెద్దవాడు కత్తి కట్టుకుని పోయాడు, రాలేదు. నడిపివాడు కత్తి కట్టుకుని పోయాడు, రాలేదు. చిన్నవాడు రెండు చింతచేవ కోలలు నడుముకు దోపుకుని బయలుదేరాడు. సాగనంపడానికి లచ్చుమవ్వ ఒక్కతే వచ్చింది.

సముద్రం ఒడ్డున ఒక తాబేలు.

"దాటిస్తా గానీ నాకు నిద్ర ఎక్కువ. నిద్రపోతే మునుగుతా. నా డిప్ప మీద అడుగు ఆపకుండా వెయ్యి" అంది.

చేతకానివాళ్ళు ఏడు సముద్రాలూ ఒక్క మాటలో దాటిస్తారు. అట్లా దాటకూడదు. ఉప్పు సముద్రం, చెరకు సముద్రం, కల్లు సముద్రం, నేతి సముద్రం, పెరుగు సముద్రం, పాల సముద్రం, మంచినీళ్ళ సముద్రం. పైన ఆకాశం, కింద నీళ్ళు, నడుమ ఒక్క మనిషి అడుగు చప్పుడు. తకిట తకిట. తకధిమి తకధిమి. తకతకిట తకతకిట.

అవతలి ఒడ్డున ఎండుమాను మీద వడ్రంగిపిట్ట పలికింది. "అన్నా, నీ అన్నలు కొయ్యబొమ్మలయ్యారు. గండభేరి కోలాటం ఆడించే బరిలో అడుగు తప్పినవాళ్ళెవరైనా కొయ్యే. వాడి ప్రాణం బరి నడుమ గడ మీద కూర్చున్న చిలకలో ఉంది. తాళం పలికేది అదే. అదీ తప్పకూడదు. పట్టబోయావో, ఎగిరిపోతుంది."

"పట్టను. ఆడతాను" అన్నాడు కొండమల్లుడు.

వాడు బరిలో అడుగు పెట్టగానే గండభేరి పగలబడి నవ్వాడు. "మూడు ఆటలు నిలు, పిల్లల్ని తీసుకుపో." వాడికి జోడీగా సంపెంగ అనే రాజకూతుర్ని నిలబెట్టాడు. ఆమెనూ ఎత్తుకొచ్చినవాడే. చుట్టూ ఆడే పిల్లలతో సహా అందరూ మంత్రంలో ఉన్నారు, కళ్ళు తెరిచి నిద్రపోతున్నట్టు.

మొదటి ఆట తకిట. నిలిచాడు. రెండో ఆట తకధిమి. నిలిచాడు. మూడో ఆట తకతకిట. మాంత్రికుడు కనుసైగ చేశాడు. సంపెంగ కోల కిందికి వాలిపోయింది. అన్నలు పడింది అక్కడే. జోడీ కోల కోసం చూశారు, కాలు తప్పింది. కొండమల్లుడి కోల గాలిలోకి పోయింది, కాలు మాత్రం తప్పలేదు. ఏడేళ్ళు రాయితో ఆడినవాడికి ఇది కొత్తా?

ఆడుతూనే కేకేశాడు. "ఒరే పిల్లలూ! చిలక తాళం వినొద్దు. మీ మడమ చప్పుడు వినండి. అవ్వ ఏం చెప్పింది? కుంటిమేక!"

గంగులు అనే చిన్నపిల్ల కిసుక్కున నవ్వింది. "కుంటిమేక!" అని మడమ కొట్టింది. పక్కవాడు కొట్టాడు. ముప్పై మందీ కొట్టారు. నేల అదిరింది. గండభేరి బెదిరి, "తాళం మార్చు, తకధిమి!" అని చిలకను గద్దించాడు. చిలక తకధిమి అనబోయింది. చెవిలో అరవై మడమల చప్పుడు.

"తకధి... తకత... తక..."

తప్పింది. చిలక కొయ్యయింది, దాంతో గండభేరీ కొయ్యయ్యాడు. మంత్రం విడిపోయింది. అన్నలు లేచి కళ్ళు నులుముకున్నారు.

సంపెంగ అడిగింది. "నేను కోల ఇవ్వకపోయినా నువ్వెట్లా నిలిచావు?"

"నాకెప్పుడూ ఎవరూ ఇవ్వలేదు. అలవాటు."

"ఇంక ఆ అలవాటు మానుకో" అని ఆమె కోల ఎత్తి వాడి కోలకు తగిలించింది. తిరుగుదెబ్బ తగలగానే, ఏడేళ్ళలో మొదటిసారి, కొండమల్లుడి అడుగు తప్పింది. పిల్లలందరూ ఘొల్లున నవ్వారు. వాడూ నవ్వాడు. నవ్వుతుంటే కళ్ళ నీళ్ళు కారాయి.

తాబేలు మీదే సముద్రాలు దాటి ఊరు చేరారు. తల్లులు పిల్లల్ని ఎత్తుకున్నారు. కొండమల్లుడికి సంపెంగనిచ్చి పెళ్ళి చేశారు, పట్టం కట్టారు. అరవై ఏళ్ళు ఏలాడు. బరిలో ఏ పిల్ల ఒంటిగా మిగిలినా రాజే గద్దె దిగి జోడీ నిలిచేవాడు.

పక్క ఊరి ఓబులేశు కోలాటం జట్టువాళ్ళు మాత్రం గండభేరిని జయమల్లుడు కత్తితో నరికాడని ఇప్పటికీ ఆడుతున్నారు. చెప్పినా వినరు. మేం వాళ్ళ గడప తొక్కక ముప్పై ఏళ్ళయింది. జయమల్లుడి కత్తి ఒర దాటనే లేదు. రాయడం బాగా వచ్చినవాళ్ళు ఎవరైనా పోయి, వాళ్ళ కోలాటం పాటల పుస్తకంలో ఆ చోట జయమల్లుడి పేరు కొట్టేసి, కొండమల్లుడని పెద్ద అక్షరాలతో దిద్దండి.