కోశాధికారిగారి దీర్ఘం

మల్లెగడ్డ రాజ్యాన్ని ఏలే కొమ్మిరాజుగారికి ఒకనాడు నడుం పట్టేసింది. నూనె రాయించుకుంటూ, "ఏం పాపం చేశానని ఈ నొప్పి? కూర్చోవడం తప్ప నేను చేసిందేముంది?" అన్నారు.

అన్నాక ఆయనకే ఓ అనుమానం వచ్చింది. కూర్చున్న నడుమే ఇంత గోల పెడుతుంటే, నలభై ఏళ్ళుగా తన వెనక నిలబడి వింజామర వీస్తున్న చుక్కమ్మ భుజం సంగతేమిటి?

అడిగారు.

"భుజమా ప్రభూ? అది పోయి మూడేళ్ళయింది. ఇప్పుడు వీచేది అలవాటు."

రాజుగారు ఆ నూనె జిడ్డుతోనే కొలువుకొచ్చి, "అరవై దాటిన కోట నౌకర్లు ఇక పని మానుకోవచ్చు. వాళ్ళకి జీవితాంతం సగం జీతం!" అని చెప్పి, నడుం పట్టుకుని వెళ్ళిపోయారు.

చుక్కమ్మ ఆ పూటే ముసలితనానికి ఏర్పాటు ఆలోచించుకుంది. గంజికి పోగా మిగిలింది కూడబెడితే ఏడాదికి రెండు మేకలు. పాలిస్తాయి, పిల్లలు పెడతాయి. వాటిని అదిలించడానికి భుజంతో పన్లేదు, నోరుంటే చాలు. నోటికేం లోటు లేదు.

ఆజ్ఞ రాసింది కోశాధికారి మాచన. ఆయనకి రెండు గర్వాలు. ఖజానాలోంచి చిల్లిగవ్వ జారనివ్వనని ఒకటి. తన దస్తూరి అంత అందం ఎవరికీ లేదని ఇంకొకటి. అక్షరానికి నెమలి తోకలాంటి వంపు లాగందే గంటం ఎత్తడు.

నెల తిరిగింది. చుక్కమ్మ, ద్వారం కాసే కోటప్ప, ఇంకో పదిమంది ముసలాళ్ళు ఖజానా ముందు నిలబడ్డారు. మాచన తాటాకు తీసి చదివాడు.

"అరవై దాటిన నౌకర్లకు జీతాంతం సగం జీతం. విన్నారుగా? జీతం అంతమయ్యేదాకా సగం జీతం. పని మానారు, జీతం అంతమైంది. వెళ్ళిరండి."

"జీవితాంతం అన్నారు బాబూ రాజుగారు!" అన్నాడు కోటప్ప.

"అన్నది గాలికి పోతుందయ్యా. రాసింది ఆకు మీద ఉంటుంది."

అందరూ కొలువుకెళ్ళి మొరపెట్టుకున్నారు. రాజుగారు ఆకు అటు తిప్పారు, ఇటు తిప్పారు. 'వి' లేదు. కింద తన ముద్ర మాత్రం నిక్షేపంలా ఉంది. చదవకుండా గుద్దేశానని నిండు సభలో ఎలా చెప్పుకోవడం?

"ముద్ర పడ్డ ఆకులో ఒక్క గీత దిద్దినా తల తీయమని మీ తాతగారి కట్టడి, ప్రభూ," అన్నాడు మాచన తియ్యగా. "పైగా ఏటా బోలెడు సొమ్ము మిగిల్చాను."

"ఆకు దిద్దకుండా వీళ్ళది వీళ్ళకి ఇప్పించే దారి చూపినవాళ్ళకి అడిగింది ఇస్తాను," అన్నారు రాజుగారు. సభలో వాళ్ళంతా పైకప్పు దూలాలు లెక్కపెట్టారు. ఆయన నిట్టూర్చారు. "సరే మాచనా, మిగిల్చావు కాబట్టి నీకు వంద వరహాలు. రాసుకో."

మాచన రాశాడు. తనకొచ్చే బహుమానం గదా, అక్షరాలకి మామూలు కంటే జానెడు తోక ఎక్కువే లాగాడు. రాజుగారు ఎప్పట్లాగే చదవకుండా ముద్ర గుద్దారు.

ఆ ఆకు తెచ్చి చుక్కమ్మ ముందు పడేశాడు మాచన. "ఒసే, పని పోయిందని ఏడవకు. ఇది చూపించి రేపు పొద్దున్నే, నలుగురూ చూస్తుండగా మా ఇంటికి చేర్పించు. దమ్మిడీ పారేస్తాలే."

చుక్కమ్మ బడి మొహం చూసింది లేదు. కానీ నలభై ఏళ్ళు రాజుగారి భుజం మీంచి తొంగి చూసి చూసి, ఆయన చదవనివన్నీ తను చదవడం నేర్చుకుంది. ఆకు చూసింది. మళ్ళీ చూసింది.

"ఇందులో ఏముంటే అదేగా అయ్యా చేర్పించాల్సింది?"

"పొల్లు పోకూడదు!"

మర్నాడు మాచన గుమ్మం కడిగించి, ముగ్గేయించి, పట్టుపంచె కట్టి, వీధివాళ్ళందర్నీ పిలుచుకుని అరుగు మీద కూర్చున్నాడు. ముందు దుమ్ము కనిపించింది. తర్వాత వాసనొచ్చింది. ఆ తర్వాత వంద పందులు. వాటి వెనక కోట పందులు మేపే ఎంకయ్య, రాజముద్ర ఉన్న ఆకు నెత్తిన పెట్టుకుని.

మాచన పెళ్ళాం అటకెక్కింది. పందులు ముగ్గు తొక్కేసి, పెరట్లో అరటిపిలకలు పెళ్ళగించాయి. అన్నిట్లోకీ పెద్దది పట్టుపంచె కుచ్చిళ్ళు కరుచుకుంది.

కుచ్చిళ్ళు లేని పంచెతోనే మాచన కొలువులోకి పడ్డాడు.

"ప్రభూ! వంద వరహాలు పంపమంటే ఈ ముసల్ది వంద పందుల్ని తోలింది!"

"నాదేం తప్పు ప్రభూ?" అంది, అప్పటికే ముసలాళ్ళతో కొలువుకొచ్చి నిలబడ్డ చుక్కమ్మ. "ఆకులో వంద వరాహాలని ఉంది. వరాహమంటే పందేనని గుళ్ళో పంతులుగారు చెప్పగా విన్నాను."

మాచన వెనకే వచ్చిన ఎంకయ్య నెత్తిమీది ఆకు తీసుకుని, రాజుగారు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఓ ఆకు పూర్తిగా చదివారు. 'ర' నెత్తిన ఇంత తోక. ఎలా చూసినా అది 'రా'నే.

"అది దీర్ఘం కాదు, నా దస్తూరి వంపు!" అరిచాడు మాచన. "ఏలినవారి మనసులో ఉన్నది వరహాలేనని పసిపిల్లకైనా తెలుసు!"

"మరి రాసింది ఆకు మీద ఉంటుందన్నారు గదయ్యా?"

"రాసింది కాదే! రాజుగారి మనసు చూసి చదవాలి. చదివి తీరాలి!"

చుక్కమ్మ చేతులు జోడించింది.

"అయితే మీ దీర్ఘం తీసేసి మేం చదువుతాం. మా 'వి' పెట్టి మీరు చదవండి."

సభ గొల్లుమంది. రాజుగారు నవ్వీ నవ్వీ మళ్ళీ నడుం పట్టేయించుకున్నారు.

"ఆకు దిద్దక్కర్లేదు, సరిగ్గా చదివితే చాలు! మాచనా, ముసలాళ్ళకి ఈ నెలది ఇప్పుడే ఇచ్చెయ్."

"మరి నా వంద వరహాలు..."

"అవి సొమ్ము మిగిల్చినందుకు గదా? ఇప్పుడు నీకు మిగిలింది పందులే. వాటిని వెనక్కి తోలుకెళ్ళే కూలి ఎంకయ్యకి నువ్వే ఇచ్చుకో." రాజుగారు కళ్ళు తుడుచుకుని ఇటు తిరిగారు. "చుక్కమ్మా, అడిగింది ఇస్తానన్నాను. ఏం కావాలి?"

"రెండు మేకలు ప్రభూ."

"అంతేనా! మాచనా, రాయి."

మాచన గంటం తీశాడో లేదో, చుక్కమ్మ అడ్డం పడింది.

"ఆయన చేత వద్దు ప్రభూ! మేకకి కొమ్ములు నెత్తిన ఉంటేనే అందం. ఈయన 'క'కి కొమ్ము తగిలించాడంటే నాకొచ్చేవి మేకులే!"

ఆ నవ్వులు ఆగకముందే కొమ్మిరాజుగారు గంటం తనే లాక్కుని రాశారు. రాసి, రెండుసార్లు చదువుకుని, అప్పుడు గుద్దారు ముద్ర.